రమా దీదీ సైకిల్ బెల్లు

మా ఆఫీసులో అందరూ కోట్లు వేసుకోవాలని చెప్పిన మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించే ఉద్దేశం కూడా లేదు. పోర్ట్‌బ్లెయిర్‌లో ఐదింటికే తెల్లారిపోతుంది. ఆఫీసు తలుపు తీసేసరికి ఎండ మాడు మీదికి వచ్చేస్తుంది. ఏడాదిలో సగానికి పైగా వాన, ఆ వాన ఆగితే ఉక్క. బీరువాలో పెట్టిన తోలు చెప్పులకు బూజు పట్టే ఊరు ఇది. ఇలాంటి చోట నల్లటి మందపాటి కోటు, లోపల తెల్ల చొక్కా, కింద నల్ల ప్యాంటు. ఆడా మగా అందరికీ అదే. పోనీ మేం చేసేదేమైనా బ్రహ్మాండమైన పనా? మెయిన్‌ల్యాండ్ నుంచి ఓడల మీద సరుకు తెప్పించుకునే షాపులవాళ్ళకు బుకింగ్ చేసిపెడతాం, ఓడ వచ్చాక ఆ సరుకు విడిపించి ఇస్తాం. మా దగ్గరికి వచ్చేది లుంగీ కట్టుకున్న ఉల్లిపాయల వ్యాపారి, గోళ్ళలో సిమెంటు ఇరుక్కుపోయిన కాంట్రాక్టరు. వాళ్ళ ముందు మేం పెళ్ళి బ్యాండువాళ్ళలా తయారై కూర్చోవాలి.

ఈ ఆలోచన మా కొత్త మేనేజరు ప్రదీప్‌ది. హైదరాబాదు నుంచి వచ్చాడు. తెలుగువాడు వస్తున్నాడని మొదట మేమే సంబరపడ్డాం. వచ్చిన రోజే నా మాట విని, "మీది ఏం తెలుగండీ, సగం హిందీ?" అని నవ్వాడు. మా తాత శ్రీకాకుళం తీరంలో ఓడెక్కి ఇక్కడ దిగాడు, మా నాన్న ఇక్కడే పుట్టాడు, నేనూ ఇక్కడే పుట్టాను. ఈ దీవుల్లో బెంగాలీలతో, తమిళులతో, రాంచీ నుంచి వచ్చినవాళ్ళతో బతకాలంటే హిందీ కావాలి. అది మా నోట్లో కలిసిపోయింది. దానికి నవ్వడమెందుకో నాకు అర్థం కాలేదు. నా పేరు కావేరి. నాకు ముక్కు మీద కోపమని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆ రోజు నుంచి ప్రదీప్‌కి కూడా తెలిసింది.

కానీ నేను చెప్పాలనుకున్నది నా సంగతి కాదు. కౌంటర్లో నా పక్క కుర్చీలో కూర్చునే రమాదేవి సంగతి. మా ఆఫీసు ఉన్న అబర్డీన్ బజారంతా ఆవిణ్ణి రమా దీదీ అంటుంది. వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. నేను బడికి వెళ్ళే రోజుల్లోనే ఆవిడ ఆ కౌంటర్లో ఉంది. ఇల్లు ఊళ్ళోనే షాదీపూర్‌లో. భర్త గవరయ్య ఫెర్రీలో ఇంజిన్ పని చేస్తాడు, ఇంట్లో కన్నా నీళ్ళ మీద ఎక్కువుంటాడు. రమా దీదీ రోజూ షాదీపూర్ నుంచి ఆఫీసుకి సైకిల్ మీద వస్తుంది. చీర కుచ్చిళ్ళు గొలుసులో పడకుండా బట్టలారేసే క్లిప్పులు రెండు పెట్టుకుంటుంది. ఆఫీసు మెట్ల దగ్గర ఆ క్లిప్పులు తీసి హ్యాండిల్‌కి తగిలించి, కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వస్తుంది. స్కూటీ కొనుక్కోమని భర్త చెప్పాడు, నేను చెప్పాను, చుట్టుపక్కలవాళ్ళు చెప్పారు. "నాకు ఇదే బాగుంటాది" అనేది. అంతకు మించి కారణం చెప్పిందీ లేదు, మేం అడిగిందీ లేదు.

ఆ సైకిల్‌కున్న బెల్లు గురించి మాత్రం చెప్పి తీరాలి. అరచేతి అంత ఇత్తడి బెల్లు. రమా దీదీ పుట్టింది దూరాన ఉన్న చిన్న ఊరు రంగత్‌లో. వాళ్ళ నాన్న యర్రయ్య కూతురికి తనే క్యారియర్ పట్టుకుని సైకిల్ నేర్పాడు. ఆమెకు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు ఆ సైకిల్‌ని బస్సు పైన తాళ్ళతో కట్టించాడు. పాత ఇనప సామాన్ల కొట్టులో దొరికిన ఈ బెల్లుని దానికి బిగించి, "పెద్దూరు తల్లీ, అందరికీ ఇనబడాల" అన్నాడట. అది మామూలు బెల్లులా ట్రింగుమనదు. గొంతు జీరపోయిన మనిషి దగ్గినట్టు ఖంగు ఖంగుమంటుంది. దాన్ని మరో బెల్లుతో పొరపాటు పడేవాడు బజార్లో లేడు.

పొరపాటు పడకూడదు కూడా. ఎందుకంటే ఆ బెల్లుతో మా ఆఫీసు పని నడిచేది. రమా దీదీ తెల్లారగానే సరుకు ఓడలు ఆగే హాడో జెట్టీకి ఫోన్ చేసి, ఓడ వచ్చిందా, ఎవరెవరి సరుకు దిగింది అని కనుక్కుంటుంది. ఆఫీసుకి వచ్చే దారిలో, సరుకొచ్చినవాళ్ళ షాపు ముందు బెల్లు రెండుసార్లు కొడుతుంది. అంతే. ఆగదు, మాట్లాడదు. షాపులోపల బస్తాల వెనక ఉన్నవాడు ఆ ఖంగు ఖంగు విని, లారీని, కూలీలను జెట్టీకి పంపేస్తాడు. సరుకు రానివాళ్ళ షాపు ముందు అసలు బెల్లే మోగదు. దారికి అడ్డమొచ్చిన మనుషుల కోసం కూడా ఆవిడ బెల్లు కొట్టదు, "జరా హటో భయ్యా" అని నోటితోనే అంటుంది. ఫోన్లు వచ్చాక మేమూ మెసేజీలు పెట్టాం. ఇంగ్లీషు మెసేజీ చూసేవాడు లేడు, బేరం మధ్యలో ఫోన్ ఎత్తేవాడు లేడు. సిగ్నల్ సంగతి సరే సరి. అందుకని బెల్లే నిలిచింది.

మా పాత కౌంటర్ ఇన్‌చార్జి రిటైరయ్యాక ఆ పనంతా రమా దీదీ మీదే పడింది. పని ఆవిడది, ఇన్‌చార్జి అన్న పేరు మాత్రం ఆవిడకి లేదు. ఎవర్నో ఒకర్ని ఖాయం చేయమని హెడ్డాఫీసు ప్రదీప్‌కి చెప్పింది. అది దీదీకే రావాలి, అందులో రెండో మాట లేదు. ఇన్‌చార్జి కుర్చీ ముందు బల్ల మీద పేరు రాసిన చెక్క పెడతారు. ఒక మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత తీస్తూ ఆవిడే నాతో అంది. "మా నాన్న కళ్ళు చూపించుకోడానికి ఇక్కడికి వస్తాడు గదా. ఆ చెక్క మీద నా పేరు చూపించాలి కావేరీ. బస్, అంతే." ఏదీ అడగని మనిషి అడిగిన ఒకే ఒక్క కోరిక అది.

ఇంతలో కోట్లు వచ్చాయి. అవీ ఓడలోనే వచ్చాయి, ప్రదీప్‌కి తెలిసిన దర్జీ దగ్గర గంపగుత్తగా కుట్టించినవి. నా కోట్లో నాలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. రమా దీదీ పుట్టి బుద్ధెరిగి ప్యాంటు వేసుకోలేదు. మర్నాడు ఆవిడ ఎలా వస్తుందోనని నేను ముందే బయల్దేరి, బజారు ఎక్కుడు మొదట్లో, రోడ్డు నిటారుగా పైకెక్కే చోట, నూకన్న టీ కొట్లో నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ఎవరైనా ఆవిడ్ని చూసి నవ్వితే వాళ్ళ పని పడదామని నిలబడ్డాను.

వచ్చింది. నల్ల కోటు, నల్ల ప్యాంటు, ప్యాంటు అంచుకి అవే బట్టల క్లిప్పులు. నూకన్న గరిటె పట్టుకుని బయటికొచ్చి, "అరే దీదీ, క్యా బాత్ హై! పైలట్ అయిపోనావేటి?" అని అరిచాడు. నేను వాడి మీద విరుచుకుపడేలోపే దీదీ పకపకా నవ్వింది. ఆ ఎక్కుడు దగ్గర ఆవిడ రోజూ దిగి సైకిల్ తోసుకుంటూ పైకి వస్తుంది. చీరతో మోకాలు అంత ఎత్తు లేవదు కదా. ఆ రోజు దిగలేదు. సీటు మీంచి లేచి, పెడళ్ళ మీద నిలబడి, ఒళ్ళంతా బిగబట్టి తొక్కుకుంటూ పైదాకా ఎక్కేసింది. పైన ఆగి, రొప్పుతూ, కిందికి నా వైపు చూసింది. తన కొడుకు పెళ్ళిలో కూడా ఆవిడ మొహం అలా వెలగలేదు.

"కోటు సైతాన్‌ది గానీ, ఈ ప్యాంటు చూసినావా కావేరీ? ఇన్నాళ్ళూ ఎవరూ సెప్పలేదేటే నాకు!" అంది.

ప్రదీప్ చేసిన పనుల్లో పొరపాటున జరిగిన మంచి అదొక్కటే. అతను దాన్ని కూడా ఉంచలేదు.

ఆ రోజే దీదీ చెమటతో తడిసిన కోటుతో కౌంటర్లో కూర్చుంది. ప్రదీప్ గాజు గదిలోంచి చూసి పిలిచాడు. "ఏంటండీ ఇది? క్లయింట్లు ఏమనుకుంటారు? ఒక ఇమేజ్ ఉండక్కర్లేదా?" అన్నాడు. మర్నాటి నుంచి ఆవిడ కోటు మడతపెట్టి ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని, చొక్కాతో వచ్చి, బాత్రూంలో తుడుచుకుని, కోటు తొడుక్కుని కూర్చునేది. ఆఫీసులో బట్టలు మార్చుకోకూడదన్నాడు, ఇంటి నుంచే పూర్తి యూనిఫారంతో రావాలన్నాడు. సరే, కోటు తడవకుండా దాని మీద వానకోటు తొడుక్కుని వచ్చింది. సైకిల్ ఆఫీసు ముందు పెట్టకూడదన్నాడు. వెనక జనరేటర్ పక్కన పెట్టింది. అతను ఒకటి అనడం, ఆవిడ "అలాగే సార్" అనడం. అతని మీద ఎంత కోపమొచ్చిందో, నాకు దీదీ మీద కూడా అంతే వచ్చింది.

"నోట్లో నాలుక లేదేటి నీకు? ఒక్క మాట అను!" అన్నాను.

"కుర్చీ ఖాయం అయ్యేదాకా ఉండు" అంది.

చివరికి అసలు మాట బయటపడింది. "ఇన్‌చార్జి అంటే కంపెనీకి మొహం లాంటిది రమాదేవిగారూ. ఆ మొహం సైకిల్ మీద వస్తే ఎలా? స్కూటీ కొనుక్కోండి, ఆటోలో రండి, మీ ఇష్టం. సైకిల్ మానేస్తే కుర్చీ మీదే. మానకపోతే హాడో గోదాములో మనుషులు కావాలి, అక్కడికి పంపిస్తాను. నెలాఖరుకి చెప్పండి" అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అతను రోజూ వచ్చేది కంపెనీ కార్లో, అదీ నడవగలిగినంత దూరం నుంచి.

నా ఒళ్ళు మండిపోయింది. దీదీ సాయంత్రం సైకిల్ తీస్తూ బెల్లు మీద పడిన వాననీళ్ళు చొక్కా చేతి అంచుతో తుడిచింది. మానేస్తుందేమో అనుకున్నాను. ఆ చెక్క మీద పేరు కోసం మానేసినా నేను తప్పు పట్టేదాన్ని కాదు.

సరిగ్గా ఆ వారంలోనే పెట్రోలు తెచ్చే ఓడ ఆలస్యమైంది. బయట సముద్రం బాగాలేదన్నారు. బంకుల ముందు స్కూటర్ల వరస మలుపు దాటిపోయింది. ఆటోలు ఇళ్ళ ముందే నిలబడిపోయాయి. డీజిల్ కూడా కొంచెం కొంచెంగానే పోస్తున్నారు. చెన్నై నుంచి రావాల్సిన సరుకు ఓడా రాలేదు. బజార్లో ఉల్లిపాయలు అయిపోవచ్చాయి. షాపులవాళ్ళంతా రోజూ చెవులు రిక్కించుకుని ఉన్నారు, దీదీ బెల్లు ఎప్పుడు మోగుతుందా అని. ఆవిడ రోజూ బజారు గుండా వస్తోంది, బెల్లు ముట్టుకోకుండా. వాళ్ళు షాపుల్లోంచి తలలు బయటపెట్టి చూసి మళ్ళీ లోపలికి పోతున్నారు.

ఆ రోజు పొద్దున ప్రదీప్ హాడోలో పోర్టు అధికారుల మీటింగుకి వెళ్ళాలి. కార్లో పెట్రోలు లేదు. ఆటో కోసం ప్యూన్ రోడ్డు చివరిదాకా వెళ్ళి ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. టైం అయిపోతోంది. ప్రదీప్ గదిలో అటూ ఇటూ తిరిగి, బయటికొచ్చి, కౌంటర్ దగ్గర నిలబడ్డాడు.

"రమాదేవిగారూ, ఆ సైకిల్ తాళం ఒకసారి ఇవ్వండి."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. కంపెనీ మొహం సైకిల్ ఎక్కకూడదన్న మనిషి, కంపెనీకి అసలు మొహం తనే అయినవాడు, చెయ్యి చాచి సైకిల్ తాళం అడుగుతున్నాడు. కొంచెమైనా సిగ్గు కనబడుతుందేమోనని మొహంలోకి చూశాను. లేదు. పెన్ను అడిగినట్టు అడిగాడు.

దీదీ తాళం ఇచ్చింది. లేచి అతని వెనకే జనరేటర్ దాకా వెళ్ళింది. నేనూ వెళ్ళాను.

"సార్, ప్యాంటుకి ఈ క్లిప్పు పెట్టుకోండి. లేపోతే చైన్లో పడతాది" అంది.

"పర్లేదులెండి."

"సార్, ఇంకోటి. బజార్లో బెల్లు కొట్టకండి. దానికి..."

"రోడ్డు మీద బెల్లు కొట్టకుండా ఎలా పోతారండీ?" అని నవ్వి, పెడల్ మీద కాలేశాడు.

"అది కాదు సార్, సునియే! షాపులోళ్ళు..." అని దీదీ వెనకే నాలుగడుగులు పరిగెత్తింది. అప్పటికే అతను దిగుడులో ఉన్నాడు. సైకిల్ తొక్కి ఎన్నేళ్ళయిందో, హ్యాండిల్ అటూ ఇటూ ఊగిపోతోంది. ఎదురుగా కూరగాయల బండి కనబడింది. ఖంగు ఖంగు. ఒక ముసలాయన అడ్డమొచ్చాడు. ఖంగు ఖంగు. కుక్క. ఖంగు ఖంగు. ఆ బెల్లు బజారు ఈ చివర నుంచి ఆ చివరి దాకా, షాపు షాపు ముందూ మోగుతూ పోయింది. దీదీ నెత్తిన చెయ్యి పెట్టుకుని రోడ్డు పక్కనే కూలబడింది.

వెంటనే షాపులన్నిటికీ ఫోన్లు చేశాం. చెప్పాను కదా, ఎవడెత్తాడు? ఇద్దరే ఎత్తారు. మిగతావాళ్ళు అప్పటికే లారీలు మాట్లాడుకుంటున్నారు. తర్వాత తెలిసింది, కొందరు అనుమానపడి బయటికొచ్చి చూశారట. వాళ్ళకి కనబడింది దూరంగా వెళ్ళిపోతున్న నల్ల కోటు, దీదీ సైకిల్. అందరికీ ఒకటే కోటు కుట్టించాడు కదా మహానుభావుడు, వెనక నుంచి చూస్తే ఎవరైతేనేం. పదిరోజులుగా ఎదురుచూసిన ఓడ వచ్చేసిందనుకుని, దొరక్క దొరికిన డీజిల్ పోసి, కూలీలను ఎక్కించి, బజారు బజారంతా హాడో జెట్టీకి పోయింది. జెట్టీలో ఓడ లేదు. ఖాళీ నీళ్ళున్నాయి.

ముందు వచ్చింది రమణయ్యగారు. ఇనుము, సిమెంటు వ్యాపారం. పెద్దమనిషి, దీదీని కూతురిలా చూసేవారు. ఆయన వెనక ఆఫీసు నిండా జనం.

"ఏటమ్మా ఇది? డీజిల్ దొరక్క సస్తంటే ఈ మజాక్ ఏటి? లారీ తీసుకెల్తే జెట్టీలో ఓడా లేదు, గీడా లేదు! నీ బెల్లు కూడా అబద్ధాలు సెప్పడం మొదలెట్టిందేటి?"

"నేను కొట్టలేదు రమణయ్యగారూ" అంది దీదీ.

"నా సెవుల్తో ఇన్నాను. నల్లకోటు నా కళ్ళతో సూసినాను. నువ్వు కాపోతే దెయ్యం కొట్టిందేటి?"

వెనక నుంచి ఎవడో, "ఇకమీద దీదీ బెల్లు కొట్టినా ముందు జెట్టీకి మనిషిని పంపి సూసుకోవాల భయ్యా" అన్నాడు. ఆ మాటకి దీదీ మొహం పాలిపోయింది. ప్రదీప్ అన్న ఏ మాటకీ పాలిపోని మొహం. నేను నోరు తెరవబోయాను. ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంకొకరి మీదికి తోసేస్తున్నట్టుంటుందని ఆగిందో ఏమో. ఇలాంటి మనుషులతో వేగడం కష్టం.

అప్పుడు ప్రదీప్ మీటింగు నుంచి వచ్చాడు, సైకిల్ తోసుకుంటూ. ప్యాంటు కుడికాలు చైన్లో పడి చిరిగింది. మోకాలి దాకా నల్లటి గ్రీజు. బయటి నుంచే జనాన్ని చూసి, ప్యూన్ దగ్గర సంగతి విని, వెనక తలుపులోంచి తన గదిలోకి పోయి, మా ఇద్దర్నీ పిలిచాడు. తలుపేశాడు. ఏసీ కింద నిలబడి చెమట తుడుచుకున్నాడు.

"చూడండి, ఇదంతా పెద్దది చేసుకోవద్దు. మేనేజరు వల్ల ఇలా అయిందంటే కంపెనీ పరువు పోతుంది. సైకిల్ మీది, బెల్లు మీది. పొరపాటున కొట్టానని మీరే ఒక మాట చెప్పేయండి. మీరంటే వాళ్ళకి అభిమానం, ఊరుకుంటారు. కుర్చీ గురించి ఈ రోజే హెడ్డాఫీసుకి రాసేస్తాను. సైకిల్ మీద వచ్చినా నేనేం అనను, సరేనా?"

అన్నీ ఇచ్చేశాడు. కుర్చీ, సైకిల్, చెక్క మీద పేరు. ఒక్క అబద్ధానికి. నేను దీదీ వైపు చూశాను. ఒప్పుకుంటుందేమోనని భయమేసింది. ఒప్పుకుంటే బాగుండునని కూడా అనిపించింది, అందుకు నా మీద నాకే చిరాకేసింది. ఆవిడ ప్రదీప్ ప్యాంటుకి అంటిన గ్రీజు వైపు చూసింది. తర్వాత తలుపు తీసుకుని బయటికి నడిచింది.

జనం ముందు నిలబడ్డాక ఆవిడ గొంతు పెంచింది. ఇన్నేళ్ళలో ఆ గొంతులో కోపం వినడం నాకు అదే మొదలు.

"బెల్లు నాదే. సైకిలూ నాదే. తొక్కింది నేను కాదు. కోటు సూసి నేనే అనుకున్నారు, మీ గల్తీ లేదు. నేనే కొట్టినానని మీకు సెప్తే నాకు కుర్చీ ఇస్తారంట. సెప్పీగలను. మరి రేపు ఓడొచ్చి నేను నిజంగా బెల్లు కొడితే మీరు నమ్ముతారేటి? నమ్మరు. ముందు జెట్టీకి మనిషిని పంపుతారు. ఇప్పుడే అన్నారు గదా ఎవరో! నా బెల్లు నమ్మనోళ్ళ ముందు ఆ కుర్చీలో కూకుని నేనేటి సెయ్యాల?"

రమణయ్యగారు మెల్లగా తలెత్తి గాజు గది వైపు చూశారు. గాజు వెనక చిరిగిన ప్యాంటు, గ్రీజు కాలు అందరికీ కనబడుతూనే ఉన్నాయి.

దీదీ కోటు విప్పింది. నేల మీదికి విసిరెయ్యలేదు, నేనైతే విసిరేదాన్ని. మడతపెట్టి, గదిలోకి తీసుకెళ్ళి, ప్రదీప్ బల్ల మీద పెట్టింది. "ఇది మీది సార్. ప్యాంటు మాత్రం నేనుంచుకుంటాను" అంది. వచ్చి తన కుర్చీలో కూర్చుని, ఆ రోజు పని సాయంత్రం దాకా చేసింది.

ఇక్కడ బజారంతా తిరగబడిందని, మేనేజరు చెంపలు వేసుకున్నాడని రాయాలని నాకు ఎంత ఉందో చెప్పలేను. అలాంటిదేం జరగలేదు. రమణయ్యగారు దీదీ దగ్గరికొచ్చి, "మనసులో పెట్టుకోకమ్మా" అన్నారు. మిగతావాళ్ళు గొణుక్కుంటూ వెళ్ళిపోయారు. మా కంపెనీ లేకపోతే వాళ్ళకు సరుకు రాదు, మేనేజరుతో తగువు పెట్టుకుని ఏ వ్యాపారస్థుడు బాగుపడ్డాడు? వాళ్ళ మీద కూడా నాకు కోపమే. మరుసటి వారమే దీదీని గోదాముకి మార్చారు. కారణం అడిగితే "పని అవసరం" అన్నాడు ప్రదీప్. ఇంకా దారుణమేమిటంటే, కుర్చీ నాకిచ్చాడు.

నేను తీసుకోనన్నాను. ఉద్యోగం మానేస్తానన్నాను. షాదీపూర్ వెళ్ళి దీదీ ఇంటి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడ చేపలు కడుగుతోంది. తల కూడా ఎత్తలేదు.

"పాగల్ పనులు సెయ్యకు. నువ్వు కూకోపోతే మెయిన్‌ల్యాండ్ నుంచి ఇంకోణ్ణి తెచ్చి కూకోబెడతాడు. వాడికి బజార్లో ఒక్కడి పేరైనా తెలుస్తాదా? నువ్వే కూకో."

"మీ నాన్నకి ఏం చూపిస్తావు మరి?"

చేతిలో చేప ఒక క్షణం ఆగింది. "చెక్క ఎందుకు? ఎక్కుడు తొక్కి చూపిస్తాను. దిగకుండా ఎక్కడం ఆయన ఎప్పుడూ సూళ్ళేదు" అంది. ఆవిడ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు బల్ల మీద చెక్క ఉంది. దాని మీద కావేరి అని ఉంది. రోజూ పొద్దున్నే ఆ పేరు చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది. కోటు కింద చెమట కారుతుంటే ఇంకా మండుతుంది. గోదాములో కోటు అక్కర్లేదు. దీదీ తెల్ల చొక్కా, అదే నల్ల ప్యాంటు, అవే క్లిప్పులు. షాదీపూర్ నుంచి హాడోకి ఆవిడ బజారు ఎక్కాల్సిన పని లేదు, వేరే దారి ఉంది. కానీ ఓడ వచ్చిన రోజున ఆవిడ ఎక్కుడు ఎక్కి బజారు గుండా పోతుంది. ఇప్పుడది ఆవిడ పని కాదు. చెయ్యమని ఎవరూ చెప్పలేదు. అయినా సరుకొచ్చినవాళ్ళ షాపు ముందు ఖంగు ఖంగుమంటుంది. జెట్టీకి ముందుగా మనిషిని పంపించి చూసుకున్నవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.

మాది కూడా దారిలోదే కదా. ఆఫీసు ముందు కూడా రెండుసార్లు కొడుతుంది, మా వాళ్ళకు సరుకొచ్చిందని నాకు తెలియడానికి. ఆ చప్పుడు వినబడగానే నేను ఆ కుర్చీలోంచి లేచి నిలబడతాను. చేతిలో ఏ పనున్నా సరే, ఆవిడ మలుపు తిరిగేదాకా నిలబడే ఉంటాను. సరిగ్గా ఆ వేళకే ప్రదీప్ కారు దిగి లోపలికొస్తాడు. నేను నిలబడి ఉండటం చూసి, ఇన్నాళ్ళకి ఈ పిల్లకి మర్యాద తెలిసిందనుకుని, కూర్చోమన్నట్టు చెయ్యి ఊపుతాడు. నేను కూర్చోను.